సామాను తగ్గింది సరే, బరువు ఎక్కడికి పోయింది?

సెలవులకు ఊరు బయల్దేరేవాళ్ళకు అందరూ ఇచ్చే సలహా ఒకటే: సామాను తక్కువ పెట్టుకోండి. మంచి సలహానే. మూడు జతల బట్టలు, ఒక తువ్వాలు, మందులు, గుర్తింపు కార్డు ఉంటే వారం రోజులు హాయిగా గడిచిపోతాయి. రైల్లో స్లీపర్ క్లాసు టికెట్టు మీద 40 కిలోల దాకా ఉచితంగా తీసుకుపోనిస్తారు గనక 40 కిలోలూ నింపి తీరాలని ఎవరూ అనలేదు.

నా పేచీ ఈ సలహాతో కాదు. దానికి తగిలిస్తున్న వేదాంతంతో. టీవీ ప్రవచనాల్లో ఈ ధోరణి తరచు వినిపిస్తుంది. తక్కువ సామానుతో తిరిగేవాడు తక్కువ బంధాలతో తిరుగుతాడట. సంచి తేలికైతే ఆత్మ కూడ తేలికవుతుందట. పూర్వకాలపు యాత్రికులు చేతికర్ర, కమండలం పట్టుకుని దేశమంతా తిరిగారు, మనం మాత్రం సూట్‌కేసులకు దాసులమైపోయాం అని ముక్తాయింపు.

వినడానికి బాగుంది. కానీ ఒక చిన్న ప్రశ్న వేయాలి. సంచిలోంచి తీసేసిన బరువు ఎక్కడికి పోయింది? ప్రయాణంలో ఉన్నవాడు తినాలి, తాగాలి, ఎక్కడో పడుకోవాలి, జబ్బు చేస్తే మందు వేసుకోవాలి. ఈ అవసరాలు సంచి చిన్నదైనంత మాత్రాన మాయం కావు. నేను మోయకపోతే ఇంకెవరో మోస్తున్నారన్న మాట. ఆ ఇంకెవరో ఎవరు?

దీనికి జవాబు వెతకడానికి సూరత్ కంటే మంచి ఊరు నాకు కనిపించలేదు. తపతీ నది ఒడ్డున ఉన్న ఈ ఊరు మొగలుల కాలంలో పడమటి తీరానికంతా పెద్ద రేవు. మక్కాకు పోయే యాత్రికులు ఇక్కడే ఓడ ఎక్కేవాళ్ళు గనక దీన్ని మక్కా ద్వారం అనేవారు. ఐరోపా నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఇక్కడే దిగేవారు. వచ్చినవాళ్ళలో కొందరు తామేం తెచ్చుకున్నారో, ఎంత ఖర్చయిందో శ్రద్ధగా రాసిపెట్టారు. లెక్కలు ఉన్నచోట వేదాంతానికి పని తక్కువ.

మూడు పౌన్ల యాత్రికుడు

సామాను లేకుండా తిరగడంలో టామ్ కోరియట్‌ను మించినవాడు అరుదు. ఇంగ్లండులోని ఆడ్‌కోంబ్ అనే పల్లెలో మతగురువు కొడుకు. 1608లో ఐదు నెలల్లో వెనిస్ వెళ్ళి, తిరుగుదారిలో చాలా భాగం కాలినడకన ఇంటికొచ్చాడు. ఆ నడిచిన బూట్లను సొంతఊరి చర్చిలో వేలాడదీయించాడు. ఇటలీవాళ్ళు ఫోర్కుతో తింటారని 1611లో వచ్చిన తన పుస్తకంలో వర్ణించి, తానూ ఫోర్కు వాడబోయి తోటివాళ్ళతో నవ్వులపాలయ్యాడు.

1612లో మళ్ళీ బయల్దేరాడు. ఇస్తాంబుల్, జెరూసలేం, అలెప్పో, ఇస్ఫహాన్, కాందహార్, లాహోర్, ఆగ్రా దాటి 1615లో అజ్మీర్ చేరాడు. జహంగీర్ దర్బారు అప్పుడు అక్కడ ఉంది. అలెప్పో నుంచి అజ్మీర్ దాకా పది నెలల ప్రయాణానికి తనకైన ఖర్చు మూడు పౌన్లేనని, అందులో పది షిల్లింగులు మోసపోయినవేనని ఇంటికి ఉత్తరాలు రాశాడు. రోజుకొక పెన్నీతో కడుపు నిండిన రోజులు చాలా ఉన్నాయని కూడ రాశాడు.

మన ప్రవచనకారులకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. కానీ అదే ఉత్తరాలు ఇంకొంచెం శ్రద్ధగా చదివితే లెక్క మారుతుంది. పారశీక దేశపు సరిహద్దులో ఆయనకు రాబర్ట్ షెర్లీ అనే ఇంగ్లీషు పెద్దమనిషి ఎదురయ్యాడు. షెర్లీ భార్య ఆయన చేతిలో 40 షిల్లింగుల విలువైన పారశీక నాణేలు పెట్టింది. పౌనుకు 20 షిల్లింగులు. అంటే ఆయన గొప్పగా చెప్పుకున్న మూడు పౌన్లలో రెండు పౌన్ల పాటి సొమ్ము ఒక్క ఇల్లాలి దానం! దారిలో రక్షణ బిడారుది. అజ్మీర్‌లో కూడు, గూడు ఈస్టిండియా కంపెనీ వర్తకులవి. జహంగీర్ ముందు నిలబడి పారశీక భాషలో, తానొక పేద ఫకీరునని ఉపన్యాసం ఇస్తే చక్రవర్తి 100 రూపాయలు ఇప్పించాడు. ఆనాటి మారకం ప్రకారం అది పది పౌన్లు. దారి ఖర్చుకు మూడు రెట్లు దాటింది.

ఆయన్ని తక్కువ చేయడానికి ఇదంతా చెప్పడం లేదు. ఆయన మోసిన సామాను నిజంగా ఒకటుంది: భాషలు. తుర్కీ, అరబ్బీ, పారశీకం, హిందుస్తానీ దారిలోనే నేర్చుకున్నాడు. అడగడానికి, బేరమాడడానికి, వాదించడానికి ఎక్కడికక్కడ ఆ ఊరి మాట ఉంది. ఒకసారి ఆగ్రాలో ముల్లా ఆజాన్ ఇస్తుంటే, తాను ఎదురుగా ఎత్తయిన చోట ఎక్కి, క్రీస్తే దేవుని కొడుకని అరబ్బీలో అరిచాడట. ఆయనతో ఒకే గుడారంలో ఉన్న ఎడ్వర్డ్ టెర్రీ అనే మతగురువు ఈ సంగతి రాస్తూ, వేరే ముస్లిం రాజ్యాల్లో అయితే ప్రాణం పోయేదని, ఇక్కడ పిచ్చివాడనుకుని వదిలేశారని అంటాడు. పక్కవాడి మతాన్ని గట్టిగా కాదని కూడ బతికి బయటపడగలిగిన దేశం. ఆ సహనం కూడ ఆయన మోసుకొచ్చింది కాదు, ఇక్కడివాళ్ళు సమకూర్చింది.

చివరికి 1617లో సూరత్ చేరాడు. అప్పటికే విరేచనాలు పట్టుకున్నాయి. ఇంగ్లీషు వర్తకులు తమ దేశం నుంచి వచ్చిన స్పెయిన్ వైను పెడితే ఆశగా తాగాడు. జబ్బు ముదిరి ఆ డిసెంబరులోనే పోయాడు. వయసు నలభై దాకా ఉంటుంది. ఆయనదని చెప్పే సమాధి ఒకటి సువాలి రేవు దగ్గర ఉంది. పురావస్తు శాఖ జాబితాలో ఆయన పేరుతోనే ఉన్నా, అది ఆయనదేనని తేల్చే శాసనం లేదు, కట్టడం చూస్తే ముస్లిం శైలి.

రాయబారి పెట్టెలు

కోరియట్ అజ్మీర్‌లో ఉండగానే 1615 సెప్టెంబరులో ఆయన పాత పరిచయస్తుడు సర్ థామస్ రో ఇంగ్లండు రాజు రాయబారిగా సూరత్‌లో దిగాడు. ఈయన సామానుకు లెక్కలేదు. పరివారం, కానుకలు, వాటిలో ఒక ఇంగ్లీషు గుర్రబ్బండి, దానికొక బండివాడు కూడ! సూరత్ సుంకం అధికారులు అందరినీ సోదా చేసినట్టే వీళ్ళనూ చేస్తామన్నారు. రాయబారిని సోదా చేయడమేమిటని ఆయన భీష్మించాడు. నెలకు పైగా సూరత్‌లోనే వాదులాడుతూ కూర్చున్నాడు.

తర్వాత రో, కోరియట్ ఒకే బసలో ఉన్నారు. కోరియట్ చక్రవర్తిని డబ్బడగడం దేశానికే తలవంపని రో మందలించాడు. కోరియట్ తగ్గకుండా ఎదురు చెప్పాడు. పెట్టెలున్నవాడి పరువు పెట్టెల్లో ఉంది. లేనివాడికి ఇతరుల దయ తప్ప దారి లేదు. ఈ ఇద్దరిలో ఎవరు స్వతంత్రులు? నన్నడిగితే ఇద్దరూ కాదు.

ఇక్కడే ఇంకో మాట. నేను సూరత్ వెళ్ళినప్పుడు కతార్‌గాం దగ్గరున్న పాత ఇంగ్లీషు శ్మశానం చూశాను. ఆక్సిండెన్ అన్నదమ్ముల సమాధి రెండంతస్తుల మేడలా ఉంటుంది. 1691లో పోయిన డచ్చి అధికారి వాన్ రీడ్‌కు కట్టిన సమాధి దాంతో పోటీ పడుతుంది. చచ్చేటప్పుడు ఎవరూ ఏమీ పట్టుకుపోరని మన వేదాంతులు చెబుతారు గానీ, సూరత్‌లో కొందరికి పోయాకే సామాను పెరిగింది.

తిరిగి డబ్బిచ్చే హుండీ

ఈ కథలో అసలు విషయం యాత్రికుల్లో లేదు, సూరత్ షరాబుల కొట్లలో ఉంది.

మన తెలుగువాళ్ళకు హుండీ అంటే గుడిలో ఇనప పెట్టె. అందులో పడ్డ డబ్బు మళ్ళీ మన చేతికి రాదు. సూరత్‌లో హుండీ అంటే ఒక కాగితం. ఇక్కడ షరాబుకు వెండి రూపాయలు కట్టి కాగితం రాయించుకుంటే, ఇంకో ఊళ్ళో ఆయన తాలూకు మనిషి ఆ కాగితం చూసి డబ్బిస్తాడు. ఎదురు కూడ నడుస్తుంది: ఆగ్రాలోనో గోల్కొండలోనో డబ్బు తీసుకుని, సూరత్‌లో తీర్చేటట్టు రాసివ్వవచ్చు. రెండిట్లోనూ దారిలో మోయాల్సింది కాగితమే.

సూరత్ నుంచి గోల్కొండ వజ్రాల గనుల దాకా పలుమార్లు తిరిగిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే 1676లో అచ్చైన తన యాత్రా గ్రంథంలో ఈ రేట్లు వరసగా ఇచ్చాడు. సూరత్ మీద రాసే హుండీకి అహమ్మదాబాద్‌లో నూటికి ఒకటి నుంచి ఒకటిన్నర, గోల్కొండలో 4 నుంచి 5, ఢాకాలో 10 దాకా. దూరం, దారిలో దోపిడీ భయం పెరిగిన కొద్దీ రేటు పెరుగుతుంది. అంటే దొంగల భయాన్ని కూడ తూకం వేసి ధర కట్టారు. జోఖమీ హుండీ అని ఇంకొకటుండేది. సరుకు క్షేమంగా చేరితేనే దాని డబ్బు చెల్లుతుంది. చేరకపోతే నష్టం అప్పిచ్చినవాడిది. ఇదొక రకం బీమా.

తాయెత్తుకూ ఈ కాగితానికీ తేడా చూడండి. రెండూ తేలికే. రెండూ ప్రయాణంలో రక్షణ కోసమే. తాయెత్తు పనిచేయకపోతే కట్టినవాడిని అడిగే దిక్కులేదు. నీ నమ్మకం చాల్లేదంటాడు. హుండీ చెల్లకపోతే షరాబు పరువు బజారున పడుతుంది, మర్నాడు ఆయన కాగితం ఎవరూ తీసుకోరు. ఒకటి పరీక్షకు నిలబడే నమ్మకం, రెండోది నిలబడనిది.

అయితే వెండి బరువు తగ్గినా మనిషి బరువు తగ్గలేదు. పరువుగా ప్రయాణించాలంటే 20, 30 మంది ఆయుధాలున్న భటులను వెంట పెట్టుకోవాలని అదే తవెర్నియే సలహా ఇస్తాడు. పల్లకీ మోసే బోయీకి నెలకు నాలుగు రూపాయలు, ప్రయాణం అరవై రోజులు దాటితే ఐదు. హుండీ వెండిని గాలిలో పంపింది. పల్లకీలో కూర్చున్నవాణ్ణి మాత్రం బోయీల భుజాలే మోశాయి.

1664 జనవరిలో శివాజీ సూరత్ మీద పడ్డప్పుడు ఈ తేడా బాగా తెలిసొచ్చింది. ఊరికి అప్పటికి సరైన గోడ లేదు. జనం దొరికింది పట్టుకుని పడవల్లోనూ కాలినడకనా పారిపోయారు. అధిపతి కోటలో దాక్కున్నాడు. ఆనాటి లోకంలోనే మహా ధనవంతుల్లో ఒకడని పేరున్న వీర్జీ వోరా ఇల్లు లూటీ అయింది. ఇంట్లో ఉన్న బంగారం, ముత్యాలు పోయాయి. వేరే ఊళ్ళలో ఆయనకు రావలసిన బాకీలు మాత్రం లూటీదారుల చేతికి చిక్కేవి కావు. తర్వాత కూడ ఆయన ఇంగ్లీషువాళ్ళతో వ్యాపారం సాగించాడు.

అపరిగ్రహం ఖర్చు

వీర్జీ వోరా జైనుడు. జైనంలో అపరిగ్రహం, అంటే ఏదీ పోగేసుకోకపోవడం, పెద్ద వ్రతం. జైన సాధువు దగ్గర భిక్షాపాత్రలు, చిన్న చీపురు, కొన్ని బట్టలు తప్ప ఏమీ ఉండవు. డబ్బు ముట్టుకోడు. వాహనం ఎక్కడు. ఇంతకన్నా తేలికైన ప్రయాణం ఊహించలేం. ఆ నియమం పాటించడంలోని కష్టాన్ని నేను వెక్కిరించను.

కానీ ఒకే మతం ఒకే ఊళ్ళో ఇంతటి త్యాగినీ, వీర్జీ వోరా లాంటి కోటీశ్వరుణ్ణీ ఎలా తయారుచేసింది? విడ్డూరమేమీ లేదు. ఒకరు లేకుండా ఇంకొకరు లేరు. సాధువు వండుకోడు గనక గృహస్థు వండాలి. సాధువుకు ఇల్లు లేదు గనక గృహస్థు ఉపాశ్రయం కట్టాలి. త్యాగం చేసినవాడి బరువంతా త్యాగం చేయనివాడి భుజాన ఉంది.

పెద్దవాళ్ళు తెలిసి ఎంచుకుంటే అది వాళ్ళ ఇష్టం. ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలకు ఊరేగింపు తీసి దీక్ష ఇప్పించిన వార్తలు సూరత్ నుంచి కూడ వచ్చాయి. అక్కడ నాకు అభ్యంతరం ఉంది. బడి, ఆట, అమ్మానాన్నల ఇల్లు, రేపు మనసు మార్చుకునే అవకాశం ఇవేవీ ఆ బిడ్డ మోయలేక దించేసిన బరువులు కావు. వాటి విలువ తెలియక ముందే పెద్దలు తీసేసుకున్నవి.

1994

సూరత్ జనం ఒక్కసారిగా తక్కువ సామానుతో బయల్దేరిన రోజులు మన జ్ఞాపకంలోనే ఉన్నాయి. 1994 సెప్టెంబరు మూడో వారంలో ఊపిరితిత్తుల ప్లేగు వార్త పొక్కింది. మొదట నీళ్ళలో విషం కలిసిందని వదంతి. తర్వాత ప్లేగు అనే మాట. నాలుగైదు రోజుల్లో కొన్ని లక్షల మంది రైళ్ళలో, బస్సుల్లో, లారీల మీద ఊరు విడిచిపోయారు. ఎక్కువమంది మిల్లుల్లో, వజ్రాల కార్ఖానాల్లో పనిచేసే వలస కూలీలు. ప్రైవేటు డాక్టర్లు చాలామంది ఆసుపత్రులకు తాళాలు వేసి వెళ్ళిపోయారు. టెట్రాసైక్లిన్ మాత్రలు దుకాణాల్లో మాయమయ్యాయి.

చేతిలో ఒక సంచి, చంకలో ఒక బిడ్డ. ప్రవచనాల కొలతతో చూస్తే వాళ్ళంతా సగం సన్యాసులే. మరి ఆ తేలికలో ముక్తి ఎక్కడ?

దేశం మొత్తమ్మీద ఆ జబ్బుతో పోయినవాళ్ళు 60 మంది లోపే. మరణాల్లో అత్యధికం సూరత్‌వే. అసలది ప్లేగేనా అన్న వాదన కొన్నేళ్ళు నడిచింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రజ్ఞులు జన్యు పరీక్షలు చేసి 2000లో ప్రచురించిన పరిశోధనలో ప్లేగు క్రిమేనని తేల్చారు. యాగాలతో తేలిన సంగతి కాదు, ప్రయోగశాలలో తేలింది. జబ్బు ఆగింది కూడ చవకైన యాంటీబయాటిక్‌తో, ఎలుకల మీదా చెత్త మీదా చేసిన పనితో.

మర్నాటి కథ ఇంకా ముఖ్యం. 1995లో ఎస్.ఆర్.రావు మునిసిపల్ కమిషనర్‌గా వచ్చాడు. అధికారులను ఏసీ గదుల్లోంచి బయటకు లాగి రోజూ వీధుల్లో తిప్పాడు. చెత్త ఎత్తడం, కాలవలు, మురికివాడల్లో నీళ్ళు, మరుగుదొడ్లు, నిబంధన మీరి కట్టిన పెద్దవాళ్ళ భవనాల కూల్చివేత అన్నీ చేయించాడు. రెండేళ్ళు తిరగకుండా దేశంలో చండీగఢ్ తర్వాత శుభ్రమైన ఊరన్న పేరు వచ్చింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో కలిసి మొదటి స్థానం దక్కించుకుంది. ఈ రోజు సూరత్ వెళ్ళే పర్యాటకుడు మందుల పెట్టె, నీళ్ళ కూజా మోయక్కర్లేదంటే, ఆ బరువు తెల్లవారుజామున వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల భుజాన ఉంది.

మనవాళ్ళ మూటలు

సూరత్ మగ్గాల మీద తెలుగు చేతులు కూడ ఉన్నాయి. వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి పద్మశాలీలు ఎందరో అక్కడికి పోయి స్థిరపడ్డారు. లింబాయత్ ప్రాంతంలో తెలుగు మాట బాగా వినిపిస్తుంది. నేత మగ్గం ఇంటి దగ్గర వదిలి, పవర్‌లూమ్ దగ్గరికి ఒక మూటతో పోయినవాళ్ళు. వాళ్ళ సామాను తక్కువ కావడానికి కారణం వైరాగ్యం కాదు, ఇంట్లో పట్టుకుపోవడానికి ఏమీ మిగలకపోవడం.

మన పంచాంగాల ప్రకారం ఆది, శుక్రవారాల్లో పడమటికి వారశూల. పోకూడదు. విజయవాడ, వరంగల్ మీదుగా సూరత్ పోయే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ మాత్రం ఆదివారమూ శుక్రవారమూ కూడ బయల్దేరుతుంది. కడుపు చేతపట్టుకుని పోయేవాడు శూల చూడడు. దిగాక ఆదుకున్నది కూడ ముహూర్తం కాదు. ముందే వెళ్ళిన మేనమామో, బావో చూపించిన గది, ఇప్పించిన పని. సూరత్ నగరపాలక సంస్థ నడిపిన బళ్ళలో తెలుగు మాధ్యమం బళ్ళు కూడ ఉన్నాయి. కోరియట్ భాషలన్నీ తనే మోశాడు. మన నేతన్నల పిల్లల భాషలో కొంత బరువును ఒక గుజరాతీ ఊరి ప్రజల పన్నుల డబ్బు మోసింది.

ఇక మన సెలవుల సంగతి. నేను కూడ చిన్న సంచితోనే తిరుగుతాను, మీరూ అలాగే తిరగండి. నడుం నొప్పి తగ్గుతుంది, రైలు మారడం తేలిక. కానీ అదొక సౌకర్యం, పుణ్యం కాదు. ఫోనులో డబ్బు కట్టగలుగుతున్నాం గనక నోట్ల కట్టలు మోయడం లేదు. 2016లో వచ్చిన యూపీఐ పాత హుండీకి మనవరాలు. హోటల్లో దుప్పటి ఉతికేవాళ్ళు ఉన్నారు గనక దుప్పటి మోయడం లేదు. ఊళ్ళో ఆసుపత్రి ఉంది గనక భయం మోయడం లేదు.

అందుకే ఎవరైనా తన సంచి ఎంత చిన్నదో చూపించి గొప్ప చెప్పుకుంటే, స్వామీజీ అయినా సరే, టూరిస్టు అయినా సరే, మర్యాదగా అడగండి: మిగతాది ఎవరు మోస్తున్నారు, వాళ్ళకు నెలకెంత ఇస్తున్నారు?